అడవిలో పడకకు చీటీ

యోసెమిటీ నేషనల్ పార్కులో పగలంతా ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. గేటు దగ్గర రుసుము కట్టి లోపలికి వెళ్లాక జలపాతాలూ గుట్టలూ పచ్చికబయళ్లూ చూసుకుంటూ ఎంత దూరం నడిచినా, హాఫ్ డోమ్ శిఖరం లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప, ఆపి అడిగేవాళ్లుండరు. పొద్దుగూకాక రోడ్డుకు దూరంగా, కొండల మధ్య గుడారం వేసుకుని పడుకోవాలంటే మాత్రం చేతిలో చీటీ ఉండాల్సిందే. ఏ తేదీన, ఏ దారి మొదలు నుంచి, ఎంతమంది, ఎవరి పేరు మీద లోపలికి వెళ్తున్నారో అందులో ఉంటుంది. దాన్ని వైల్డర్‌నెస్ పర్మిట్ అంటారు. కొన్ని పార్కుల్లో బ్యాక్‌కంట్రీ పర్మిట్ అంటారు. అమెరికాలో పేరున్న పెద్ద పార్కుల్లో దాదాపు అన్నిచోట్లా ఇదే పద్ధతి.

కాలిఫోర్నియా బే ఏరియాలో, ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉండే మన కుర్రాళ్లు నలుగురు కలిసి మొదటిసారి బ్యాక్‌ప్యాకింగ్‌కి బయలుదేరినప్పుడు ముందుగా వచ్చే విసుగు దీని మీదే. నేల మీద పడుకోవడానికి కూడా ప్రభుత్వాన్ని అడగాలా అని. ఈ విసుగు మనవాళ్లకే పరిమితం కాదు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లూ 50 ఏళ్లుగా ఇదే మాట అంటున్నారు. అంతకుముందు అనే అవసరం రాలేదు, చీటీయే లేదు కాబట్టి. యెల్లోస్టోన్ 1872లో నేషనల్ పార్కు అయింది. రాత్రి బసకు పర్మిట్ అడగడం పెద్ద పార్కుల్లో సరిగ్గా వందేళ్ల తర్వాత, 1972 ప్రాంతంలో మొదలైంది. ఆ వందేళ్లలో ఏం జరిగిందన్నదే చీటీ కథ.

అసలు ఆ కొండల్లో చీటీ లేకుండా వేల ఏళ్లు నిద్రపోయినవాళ్లు వేరే ఉన్నారు. యోసెమిటీ లోయలోకి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వెళ్లింది అక్కడి అహ్వానీచీ తెగవాళ్లను తరమడానికే. ఆ తర్వాత కొందరు తిరిగొచ్చి లోయలోనే కూలినాలీ చేసుకుంటూ బతికారు. వాళ్ల చివరి గూడెం ఇళ్లను 1969లో పార్కు సర్వీసు తీసేసింది. గ్రాండ్ కాన్యన్‌లో బ్రైట్ ఏంజెల్ దారి మధ్యలో, ఊటనీళ్లు పారే చోట హవసుపాయి తెగవాళ్లు సేద్యం చేసుకునేవారు. వాళ్లనూ 1928లో వెళ్లగొట్టారు. ఇప్పుడు అదే చోట చీటీ ఉన్నవాళ్లు గుడారాలు వేసుకునే క్యాంపు ఉంది. చాలాకాలం ఇండియన్ గార్డెన్ అని పిలిచిన ఆ చోటుకు 2022లో హవసుపాయి గార్డెన్స్ అని పేరు మార్చారు. పర్మిట్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది 1970ల నుంచి మొదలుపెడతారు. ఎవరు ఉండొచ్చు, ఎవరు ఉండకూడదు అని పైనుంచి ఒకరు నిర్ణయించడం ఆ కొండల్లో అంతకు చాలా ముందే మొదలైంది.

పార్కులను మొదట్లో కాపాడింది సైన్యం. యెల్లోస్టోన్‌లో 1886 నుంచి, యోసెమిటీలో 1891 నుంచి గుర్రపుదళాలు కాపలా కాశాయి. వేటగాళ్లనూ గొర్రెల మందలనూ తరిమేవాళ్లు తప్ప గుడారం వేసుకున్నవాళ్ల జోలికి వెళ్లేవాళ్లు కాదు. కాగితం అడిగింది మోటారు కార్లను. 1913లో యోసెమిటీలోకీ, 1915లో యెల్లోస్టోన్‌లోకీ కార్లను రానిచ్చినప్పుడు గుర్రాలు బెదరకుండా బోలెడు నిబంధనలు పెట్టారు. యెల్లోస్టోన్‌లో అయితే ఫలానా చోటికి ఫలానా వేళకు చేరాలని రైళ్ల టైంటేబుల్ లాంటిదే ఉండేది. నడిచేవాడికి ఆ బాధ లేదు. నడిచేవాళ్లు ఉంటే కదా!

1916లో నేషనల్ పార్క్ సర్వీస్ ఏర్పడ్డాక దాని మొదటి డైరెక్టర్ స్టీఫెన్ మాథర్‌కి ఉన్న దిగులంతా జనం రావడం లేదనే. రైలు కంపెనీలతో మాట్లాడి, రోడ్లు వేయించి, పత్రికల్లో రాయించి మరీ జనాన్ని పిలిచాడు. జనం వస్తేనే కాంగ్రెస్ డబ్బిస్తుంది, డబ్బుంటేనే పార్కులు నిలుస్తాయని ఆయన లెక్క. ఆ రోజుల్లో లోపలి కొండల్లోకి వెళ్లేవాళ్లలో పెద్ద గుంపు సియెరా క్లబ్‌ది. జాన్ మ్యూర్ అధ్యక్షుడిగా 1892లో పుట్టిన ఆ సంఘం 1901 నుంచి ఏటా ఎండాకాలంలో విలియం కోల్బీ ఆధ్వర్యంలో హై ట్రిప్ అని వారాల తరబడి యాత్ర నడిపేది. వంద దాటిన మనుషులు, వాళ్ల సామాన్లకు కంచరగాడిదలు, వంటవాళ్లు, పొయ్యిలు. పచ్చికబయలు మీద ఈ దండు నాలుగు రోజులు మకాం వేస్తే గడ్డి ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. కొండలను ప్రేమించే జనం పెరిగితే కొండలను కాపాడే జనం పెరుగుతారని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నిజమే అయింది కూడా. కాకపోతే గడ్డికి ఆ సంగతి తెలియదు.

మొదటి అనుమానం లోపలివాళ్లకే వచ్చింది. 1930ల్లో పార్క్ సర్వీసులో పనిచేసిన లోవెల్ సమ్నర్ అనే జీవశాస్త్రవేత్త యోసెమిటీ ఉన్న సియెరా కొండల పచ్చికబయళ్లు తిరిగి చూసి, అడవి అడవిగా మిగలాలంటే ఎంతమందిని లోపలికి వదలొచ్చు అన్న ప్రశ్న లేవనెత్తాడు. 1964లో అలన్ వాగర్ అనే అటవీ పరిశోధకుడు ఈ ప్రశ్న మీదే ఒక పెద్ద పత్రం రాశాడు. వాళ్లు వాడుకున్న సిద్ధాంతం పశువుల మేత శాస్త్రానిది. ఒక బీడు ఎన్ని పశువులను మోయగలదో లెక్క కట్టినట్టే, ఒక లోయ ఎంతమంది మనుషులను మోయగలదో లెక్క కట్టాలన్నది ఆలోచన. వాగర్ అందులోనే ఒక మెలిక గుర్తించాడు. పశువుకు గడ్డి ఉంటే చాలు. మనిషి గడ్డి కోసం రాడు, ఏకాంతం కోసం వస్తాడు. పక్క గుడారంలోంచి గురక వినిపిస్తే అతనికి లోయ నిండిపోయినట్టే. కాబట్టి మనిషి విషయంలో ‘ఇంతమంది చాలు’ అన్న అంకె నేలను కొలిస్తే దొరకదు. ఏం కావాలో ముందు తేల్చుకుంటేనే దొరుకుతుంది.

అదే ఏడాది, 1964 సెప్టెంబరు 3న, ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ వైల్డర్‌నెస్ చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టాన్ని రాసి, ఎనిమిదేళ్లు తిరగరాస్తూ వచ్చిన హోవర్డ్ జానిజర్ ఆ సంతకం చూడకుండానే మేలో కన్నుమూశాడు. ఈ చట్టం కింద ప్రకటించిన అడవుల్లో రోడ్లు, మోటార్లు ఉండకూడదు. ఏకాంతానికి మంచి అవకాశం ఉండాలని కూడా చట్టంలోనే ఉంది. అంటే ప్రభుత్వం ఒక ప్రాంతంలోని నిశ్శబ్దానికి కూడా పూచీ పడిందన్నమాట. ఆ పూచీ నిలబెట్టుకోవాలంటే ఎప్పుడో ఒకప్పుడు తలలు లెక్కపెట్టక తప్పదు. చట్టం చేసినవాళ్లు ఆ సంగతి ఎంతవరకు ఊహించారో గానీ, లెక్కపెట్టే రోజు చాలా త్వరగా వచ్చింది.

ఆ రోజు అంత త్వరగా రావడానికి ఒక కారణం కుట్టుమిషను. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో డిక్ కెల్టీ, ఆయన భార్య నీనా 1952లో ఇంట్లోనే వీపుసంచులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆయన అల్యూమినియం గొట్టాలు వంచి చట్రం చేస్తే ఆవిడ నైలాన్ సంచి కుట్టేది. అంతకుముందు బరువంతా భుజాల మీదే వేలాడేది. ఈ చట్రానికి నడుం చుట్టూ పట్టీ చేరాక బరువు తుంటి ఎముకల మీదికి దిగింది. కంచరగాడిదల బేరం లేకుండా మామూలు ఉద్యోగస్తుడు పది రోజుల తిండి తానే మోసుకుపోగలిగాడు. రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన తేలిక సామాను చవగ్గా దొరికింది. వియత్నాంలో సైనికుల కోసం తయారైన, వేడినీళ్లు పోస్తే అన్నమయ్యే ఎండు ఆహారం దుకాణాల్లోకి వచ్చింది. గ్రాండ్ కాన్యన్‌ను పార్కు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచిన కాలిన్ ఫ్లెచర్ 1968లో ‘ది కంప్లీట్ వాకర్’ రాస్తే, ఇంట్లో ఉండే ప్రతి వస్తువునూ వీపు మీద ఎలా సర్దుకోవాలో ఒక తరమంతా అందులో చదివి నేర్చుకుంది. మాథర్ కన్న కల ఇలా నెరవేరింది. 1970ల మొదటికల్లా యోసెమిటీ ఎగువ సరస్సుల గట్ల మీద గుడారానికి గుడారం తగిలేది. చుట్టుపక్కల ఎండుకట్టె పుల్ల కూడా మిగలకుండా పొయ్యిల్లోకి పోయింది.

రెండో కారణం ఎలుగుబంట్లు. మోంటానాలోని గ్లేషియర్ పార్కులో గ్రానైట్ పార్క్ అనే చోట కొండమీద ఒక విడిది ఉండేది. అక్కడ మిగిలిన తిండిని పక్కనే పారేస్తే గ్రిజ్లీ ఎలుగులు రాత్రిపూట వచ్చి తినేవి. బస చేసినవాళ్లు దాన్ని వినోదంలా చూసేవాళ్లు. 1967 ఆగస్టు 13న, అర్ధరాత్రి దాటాక, కొద్ది గంటల తేడాలో రెండు వేర్వేరు గ్రిజ్లీలు రెండు వేర్వేరు చోట్ల ఆరుబయట పడుకున్న ఇద్దరు పంతొమ్మిదేళ్ల అమ్మాయిలను చంపేశాయి. ఒకటి ఆ విడిది దగ్గర్లోనే, రెండోది ట్రౌట్ సరస్సు ఒడ్డున. పార్కు పుట్టిన 1910 నుంచి అప్పటిదాకా గ్రిజ్లీ చేతిలో అక్కడ ఒక్క మనిషీ చనిపోలేదు.

ఆ రాత్రి తర్వాత ఎలుగులకు తిండి వేయడం ఆగిపోయింది. చెత్త పారేసే పద్ధతి మారింది. మనుషులు ఎక్కడ పడితే అక్కడ పడుకోవడం కూడా ఆగింది. గ్లేషియర్ లోపలి కొండల్లో ఇప్పుడు 65 క్యాంపులున్నాయి. దేంట్లో చూసినా ఒకటే అమరిక: పడుకునే చోటు ఒక పక్క, వండుకుని తినే చోటు దానికి దూరంగా మరో పక్క, తిండి సంచులు ఎత్తున వేలాడదీయడానికి స్తంభమో పెట్టెలో. గుడారంలోకి టూత్‌పేస్టు కూడా తీసుకుపోకూడదు. ఎలుగు ముక్కుకు ఆవకాయకీ సబ్బుకీ తేడా లేదు, రెండూ తిండే. ఇన్ని క్యాంపులు, ఒక్కోదాంట్లో ఇన్ని గుడారాలు అని తేలాక, ఏ రాత్రి ఏ గుడారం చోటు ఎవరిదన్నది కాగితం మీద రాయక తప్పలేదు. గ్లేషియర్ చీటీ అలా పుట్టింది.

పార్కులకన్నా ముందే ఫారెస్ట్ సర్వీసు మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్ సరస్సుల్లో 1966 నుంచి పడవలవాళ్లను పర్మిట్ అడిగింది. ఆ చీటీ ఎవరినీ ఆపేది కాదు, లెక్క రాసుకునేది అంతే. పదేళ్ల తర్వాత, 1976లో, ఆ లెక్కల ఆధారంతోనే రోజుకు ఇన్ని బృందాలని కోటా పెట్టారు. యోసెమిటీలోనూ ఇదే వరస. 1972లో చీటీ తప్పనిసరి చేశారు. లోపలి అడవిని మండలాలుగా విడదీసి, ఒక్కో మండలంలో రాత్రికి ఎంతమంది ఉండొచ్చో అంకె వేశారు. ఆ పనికి పూనుకున్నది పార్కులోనే పనిచేసిన పరిశోధకుడు యాన్ వాన్ వాగ్టెన్‌డాంక్. మండలం వైశాల్యం, అందులో దారుల పొడవు, అక్కడి నేల ఎంత సున్నితం అన్నవి చూసి అంకెలు వేశాడు. అవి పక్కా విజ్ఞానమని ఆయనా అనుకుని ఉండడు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీశాడు.

చిక్కు అమలులో వచ్చింది. మండలాల లెక్క నిలబడాలంటే ప్రతి బృందమూ ఫలానా రాత్రి ఫలానా చోటే పడుకోవాలి. కొండల్లో అది సాగే పని కాదు. ఒకరికి కాలు బొబ్బలెక్కుతుంది, ఇంకొకరికి సరస్సు నచ్చి మరో రాత్రి ఉందామనిపిస్తుంది. ఆరా తీస్తే చాలామంది చీటీలో రాసిన దారి వదిలేసి తిరుగుతున్నారని తేలింది. విచిత్రం ఏమిటంటే, ఒక్కొక్కరూ దారి తప్పినా గుంపుగా చూస్తే లెక్క పెద్దగా తప్పడం లేదు. హ్యాపీ ఐల్స్ అనే దారి మొదట్లో ఎక్కినవాళ్లలో చాలామంది మొదటి రాత్రి లిటిల్ యోసెమిటీ లోయలోనే ఆగుతారు. లైయెల్ కాన్యన్‌లోంచి వెళ్లినవాళ్లు ఎవరెక్కడ ఆగుతారో కూడా పాత చీటీలు చూసి చెప్పొచ్చు. ఆ రోజుల్లోనే రిసోర్సెస్ ఫర్ ద ఫ్యూచర్ అనే సంస్థలో కెర్రీ స్మిత్, జాన్ క్రుటిల్లా అనే ఆర్థికవేత్తలు అడవిలో మనుషుల కదలికలను కంప్యూటరు మీద నడిపి చూసే నమూనా ఒకటి తయారుచేసి 1976లో పుస్తకంగా వేశారు. అలాంటి లెక్కలూ, వేల కొద్దీ పాత చీటీలూ కలిపి చూశాక యోసెమిటీవాళ్లు లోపల కాపలా మానేసి గుమ్మం దగ్గరే లెక్క పెట్టుకున్నారు. ఏ దారి మొదట్లోంచి రోజుకు ఎంతమంది లోపలికి వెళ్లొచ్చన్నదే కోటా. ఆ తర్వాత ఎక్కడ పడుకుంటారో, ఎన్నాళ్లు ఉంటారో చాలావరకు మీ ఇష్టం.

కాబట్టి అమెరికా పార్కుల్లో చీటీలు రెండు కులాలు. యోసెమిటీలోనూ సియెరా కొండల్లో ఎక్కువ భాగంలోనూ గుమ్మం చీటీ. గ్లేషియర్, యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్‌లలో పడక చీటీ, ప్రతి రాత్రికీ చోటు ముందే ఖాయం. అలాస్కాలోని డెనాలీది మూడో దారి. దారులే లేని ఆ పార్కు లోపలి భాగాన్ని 87 ముక్కలు చేసి, వాటిలో కొన్నిటికి రాత్రికి ఇంతమందని పెట్టారు. ముందస్తు బుకింగ్ లేదు, స్వయంగా వెళ్లి నిలబడాలి, ఎలుగుల గురించి పాఠం వినాలి, అప్పుడే చీటీ. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది తమది ఏ రకం చీటీ అన్నదే. పడక చీటీ అయితే రోజుకు ఎంత నడవగలమో ఇంట్లో కూర్చుని నిజాయితీగా లెక్కేసుకోవాలి. ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున పదిహేను కిలోల బరువుతో నడిచే నడక వాకింగ్ ట్రాక్ మీద నడక కాదు. గుమ్మం చీటీ అయితే తేదీ ఒక్కటి దొరికితే చాలు, మిగతాది కాళ్లు చెబుతాయి. నన్నడిగితే గుమ్మం చీటీదే పెద్ద మనసు.

ఇంత లెక్కా చేసి వేసిన అంకెలు సరైనవేనా? మోంటానాలోని మిజూలాలో డేవిడ్ కోల్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు క్యాంపుల నేలను కొలుస్తూ వచ్చాడు. ఆయనకు తేలింది ఇది: ముట్టని గడ్డి మీద మొదటి కొద్ది రాత్రుల్లోనే నష్టంలో పెద్ద భాగం జరిగిపోతుంది. ఆ తర్వాత అదే చోట పది గుడారాలు పడినా వంద పడినా తేడా అంతగా ఉండదు. అంటే జనాన్ని సగానికి తగ్గించినంత మాత్రాన నేల సగం బాగుపడదు. ఇప్పటికే అరిగిన చోటే పడుకొమ్మనడం, పొయ్యి వద్దనడం, నీటికి దూరంగా మలవిసర్జన చేసి పూడ్చమనడం లాంటి నియమాలు నేలకు అంతకన్నా మేలు చేస్తాయి. కోటా కాపాడేది ముఖ్యంగా వాగర్ చెప్పిన రెండోదాన్ని, ఏకాంతాన్ని. దీన్ని పార్కులవాళ్లు గట్టిగా చెప్పరు. పచ్చగడ్డి పేరు చెబితే ఎవరూ కాదనరు, నిశ్శబ్దం పేరు చెబితే అదెవరి సొమ్మని అడుగుతారు. కానీ చట్టంలో ఉన్నది అదే, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అంకె ఒకసారి పడ్డాక కదలదన్నది ఇంకో సంగతి. గ్రాండ్ కాన్యన్ అడుగున కొలరాడో నది మీద పడవల కథ చూడండి. 1869లో జాన్ వెస్లీ పావెల్ ప్రాణాలకు తెగించి వెళ్లిన ఆ నది మీద 1972లో 16,432 మంది ప్రయాణించారు. మరుసటి ఏడే పార్కు అధికారులు ఆ స్థాయి దగ్గర తలుపు బిగించారు, మిగతాది తర్వాత ఆలోచిద్దామని. ఆ ఆలోచనకు దశాబ్దాలు పట్టింది. సొంత పడవలతో వెళ్లదలచినవాళ్ల వరస పెరిగి పెరిగి, కొందరికి వంతు రావడానికి 20 ఏళ్లు పైబడేలా అయింది. చివరికి 2006లో ఆ జాబితా ఎత్తేసి లాటరీ పెట్టారు.

మన దేశంలో కూడా 1972 గుర్తుంచుకోవాల్సిన ఏడాదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది అప్పుడే. అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో 27వ సెక్షనులో, ఏ పనికి పర్మిట్ ఇవ్వొచ్చో 28వ సెక్షనులో రాసి ఉంది. పర్యాటకం కూడా ఆ పనుల్లో ఒకటి. కానీ పులుల అడవుల్లో సొంతంగా గుడారం వేసుకుని రాత్రుళ్లు గడిపే చీటీ సామాన్యుడికి దొరకదు. నల్లమల లోపలి సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులు దారి తెరుస్తారు, జనం లోయలోకి దిగి దర్శనం చేసుకుని వచ్చేస్తారు. మిగతా ఏడాదంతా అడవి పులిది. అమెరికావాళ్లు ఎంతమందిని రానివ్వాలని తర్జనభర్జన పడుతుంటే మనవాళ్లు రావొద్దనే సులువు దారి ఎంచుకున్నారు. మన అడవి అంచుల్లో ఉండే జనం, వాటిలోని పులులు, ఏనుగుల సంగతి చూస్తే అందులోనూ న్యాయం లేకపోలేదు.

అంకె తేలాక మిగిలిన తగాదా ఎవరికివ్వాలన్నది. మొదట్లో ముందొచ్చినవాడిదే చీటీ. రేంజర్ ఆఫీసు ముందు తెల్లవారకముందే స్లీపింగ్ బ్యాగుల్లో పడుకుని వరసలో ఉండేవాళ్లు. దగ్గర్లో ఉన్నవాడికి అది బాగుంది గానీ, న్యూయార్క్ నుంచి విమానం టికెట్టు కొనుక్కుని వచ్చేవాడు ఏ నమ్మకంతో రావాలి? అందుకని ఉత్తరాలు, తర్వాత ఫ్యాక్సులు. ప్రపంచం ఫ్యాక్సును మరిచిపోయాక కూడా యోసెమిటీకి 24 వారాల ముందు తెల్లారేసరికి ఫ్యాక్సులు కుప్పలుగా పడేవి. గ్రాండ్ కాన్యన్ అయితే ఈ మధ్య దాకా ఫ్యాక్సు మీదే నడిచి, 2024లో ఆన్‌లైన్‌కి మారింది. ఇప్పుడు ఎక్కువ పార్కుల చీటీలు రిక్రియేషన్ డాట్ గవ్ అనే ఒకే ప్రభుత్వ వెబ్‌సైటులో దొరుకుతాయి. తిరుమల ప్రత్యేక దర్శనం టికెట్లు విడుదలైన రోజు మనిళ్లలో నాలుగు ఫోన్లు ముందేసుకుని కూర్చునే హడావుడి తెలిసినవాళ్లకు ఆ వెబ్‌సైటు కొత్తగా అనిపించదు.

ఇంటర్నెట్ వచ్చి చీటీని అందరికీ అందుబాటులో పెట్టింది, అందువల్లే దొరకకుండానూ చేసింది. హాఫ్ డోమ్ ఎక్కడానికి ఇనుప తాళ్లు 1919లో వేశారు. వాటి మీద జనం ఇరుక్కుపోతుంటే 2010లో వారాంతాల్లోనూ, 2011 నుంచి అన్ని రోజులూ పర్మిట్ పెట్టారు. రోజుకు 300 మంది దాటకూడదు. కెనడా సరిహద్దు దాకా 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ దారికి మెక్సికో సరిహద్దు దగ్గర 2013 నుంచి రోజుకు 50 మందే. ఆ దారి మీద నడిచిన అనుభవంతో షెరిల్ స్ట్రేడ్ రాసిన ‘వైల్డ్’ 2012లో పుస్తకంగా, 2014లో సినిమాగా వచ్చాక ఆ తాకిడి పక్కనున్న జాన్ మ్యూర్ ట్రెయిల్ మీదా పడింది.

జాన్ మ్యూర్ ట్రెయిల్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బే ఏరియా మనవాళ్లలో నడక పిచ్చి పట్టినవాళ్ల కల అదే. 1915లో మొదలై 1938లో పూర్తయిన ఆ దారి యోసెమిటీ లోయ నుంచి విట్నీ శిఖరం దాకా సుమారు 340 కిలోమీటర్లు. మామూలుగా మూడు వారాల నడక. దారిలో మూడు పార్కులు, రెండు నేషనల్ ఫారెస్టులు వస్తాయి. అయినా చీటీ ఒక్కటే. ఎక్కడ మొదలుపెడితే అక్కడి ఆఫీసు ఇచ్చిన చీటీని మిగతావన్నీ ఒప్పుకుంటాయి. ప్రభుత్వ శాఖల మధ్య ఇంత సఖ్యత ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఇబ్బందల్లా డోనహ్యూ కనుమ. యోసెమిటీ నుంచి దక్షిణంగా బయటికి వెళ్లే ఆ కనుమ మీదుగా 2015 నుంచి రోజుకు 45 మందికే అనుమతి. ఎండాకాలంలో అడిగేవాళ్లలో చాలామందికి రాదు.

యోసెమిటీలో చీటీల్లో 60 శాతం 24 వారాల ముందు లాటరీలో పోతాయి. మిగతా 40 శాతం ప్రయాణానికి వారం ముందు, పొద్దున 7 గంటలకు తెరుస్తారు. పిల్లల బడి సెలవులు, ఆఫీసు సెలవులు ఆరు నెలల ముందే ఖాయం చేసుకోగలిగినవాళ్లకు మొదటిది, చెప్పాపెట్టకుండా బయలుదేరగలిగినవాళ్లకు రెండోది. ఈ రెండు రకాల్లోనూ లేనివాళ్లే, అంటే రోజుకూలీ మీదో షిఫ్టుల మీదో బతికేవాళ్లే లోకంలో ఎక్కువ. చీటీ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

చీటీ దొరికాక తిండి లెక్క. సియెరాలో ఎలుగుకు అందని గట్టి ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. వేయించిన ఉప్మా రవ్వ, కందిపొడి, అటుకులు ఎంత కుక్కినా అందులో వారం తిండే పడుతుంది. అందుకే మూడు వారాల నడకకు మధ్యలో సరుకు అందాలి. దారికి సుమారు సగంలో ఉన్న మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌కు ముందుగా ప్లాస్టిక్ బకెట్లలో తిండి నింపి పోస్టు చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. బకెట్టు చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి చీటీ, బకెట్టు, సెలవు ఈ మూడూ ఒకదానికొకటి కుదరాలి. ఉత్తరపు కొస నుంచి చీటీ రాకపోతే వేరే గుమ్మాలు చూడాలి. పేరున్న గుమ్మం పక్కనే పేరులేని గుమ్మం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఒక రోజు ఎక్కువ నడిస్తే అదే దారిలో కలుస్తుంది. శుక్ర, శనివారాలు వదిలి మంగళ, బుధవారాలు అడిగితే అవకాశం పెరుగుతుంది. చీటీ ఎవరి పేరున ఉంటే వాళ్లు గుర్తింపు కార్డుతో స్వయంగా రావాలి. మా బావ పేరున ఉంది, ఆయన రాలేదు అంటే రేంజర్ వినడు.

చివరిగా ఒక మాట. లాటరీలో అందరూ తలా ఒకటి వేసి, రెండు మూడు తేదీలకు చీటీలు తగిలితే, వాడనివాటిని అలాగే వదిలేయడం మనవాళ్లలోనూ ఉంది, మిగతావాళ్లలోనూ ఉంది. రోజుకు 45 మంది అనుమతి ఉన్న కనుమ మీద పది చోట్లు ఖాళీగా పోవడమంటే, లాటరీలో పోయిన పదిమంది ఇంట్లో కూర్చున్నట్టు. వెళ్లలేమని తెలిసిన రోజే వెబ్‌సైటులోకి వెళ్లి రద్దు చేయండి. దరఖాస్తు రుసుము తిరిగి రాదు, అయినా చేయండి. రద్దయిన చీటీ ఇంకొకరికి దొరుకుతుంది.